ఫాదర్ హయ్యరుగారును రెడింగు నగరమును

అమెరికా సంయుక్త రాష్ట్రములలో పెన్సిల్వేనియా యను రాష్ట్రము కలదు. అందు స్కూల్‌కిల్ నదీతీరమున, కొండల నడుమ, రెడింగు అను చిన్న నగరము వెలసియున్నది. ఆ పేరును ఆంగ్లమున చదువుట యను మాటవలెనే వ్రాయుదురు గాని, మన విద్యార్థులు దానిని రెడింగు అనియే పలుకవలయును. 1748వ సంవత్సరమున విలియం పెన్నుగారి కుమారులు థామసు, రిచర్డు అనువారు ఈ పట్టణమును నెలకొల్పి, ఇంగ్లండు దేశమందలి రెడింగు పేరు దీనికి పెట్టిరి. పేరు ఆంగ్లేయులది, అందు కాపురముండిన జనులలో పెక్కుమంది మాత్రము జర్మనులు.

వీరు రైను నదీప్రాంతములందు యుద్ధములచేతను, పన్నులచేతను, మతవిషయమైన నిర్బంధములచేతను విసిగి, మనస్సాక్షికి స్వాతంత్ర్యము కలదని విని, ఓడలెక్కి పెన్సిల్వేనియా చేరినవారు. వారు అడవులు నరికి పొలములు చేసిరి; ఇనుము కరిగించిరి; టోపీలు తయారుచేసిరి. తమ మాటను మాత్రము విడువలేదు. ఆడ్లర్ అను జర్మను వారపత్రిక ఈ నగరమున 1796 మొదలుకొని 1913 వరకు వెలువడుచుండెను. పెన్సిల్వేనియా జర్మను మాండలికము ఆ ప్రాంతపు పల్లెలలో నేటికిని వినవచ్చును.

ఇట్టి జనులకు మొదట గురువులు గాని బోధకులు గాని చాలినంతమంది లేకుండిరి. వారి మొర విని, జర్మనీలోని హాలే పట్టణపు భక్తులు 1742లో హెన్రీ మెల్కియోరు మ్యూలెన్‌బర్గుగారిని పంపిరి. రెడింగు పుట్టిన 1748వ సంవత్సరముననే ఆయన పెన్సిల్వేనియా మినిస్టీరియము అను లూథరను బోధకుల సభను స్థాపించెను. చదువరులు ఇచట నొక విశేషమును గమనింపవలెను. ఆ హాలే పట్టణమునకు తెలుగుభాషతోను సంబంధము కలదు. చెన్నపట్టణమున పనిచేసిన బెంజమిన్ షుల్జుగారు స్వదేశమునకు మరలిన పిమ్మట, 1746, 1747 సంవత్సరములలో తెలుగున చిన్న పుస్తకములను హాలేలోనే అచ్చువేయించిరి. ఒక్క పట్టణమునుండి పెన్సిల్వేనియా జర్మనులకును తెలుగువారికిని సాయము వచ్చెను. నూరేండ్లకు పైబడిన తరువాత ఈ రెండు జనములను ఒకచోట కలిపినది ఒక వృద్ధుని జీవితము. ఆయనయే ఫాదర్ హయ్యరు అని ప్రసిద్ధిగాంచిన జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యరుగారు.

హయ్యరుగారు 1793 జూలై 10వ తేదీన జర్మనీలోని హెల్మ్‌స్టెట్ అను పట్టణమున జన్మించిరి. తండ్రి బొచ్చుతోళ్ల వర్తకుడు. ఆ కాలమున నెపోలియను సేనలు ఐరోపానంతయు కలవరపెట్టుచుండెను. కుమారుడు ఆ యుద్ధముల పాలుగాకుండవలెనని తలచి, తల్లిదండ్రులు 1807లో పదునాలుగేండ్ల ఆ బాలుని ఫిలడెల్ఫియాలోనున్న మేనమామయొద్దకు పంపివేసిరి. మన బాలురలో ఆ యీడువారు పొరుగూరికి ఒంటరిగా పోవుటకే సంకోచింతురు. ఆ బాలుడు సముద్రము దాటి, తెలియని దేశమున, మేనమామ యింట నివసించుచు పెరిగెను. వలసవచ్చినవాని ఒంటరితనము ఆయనకు చిన్ననాడే తెలిసెను.

ఫిలడెల్ఫియాలో వేదాంతవిద్య నభ్యసించి, కొంతకాలము జర్మనీలోని గొట్టింగెను విశ్వవిద్యాలయమునను చదివి, 1817లో బోధించుటకు అనుమతియు, 1820లో గురుపట్టమును పొందిరి. అప్పటికి జర్మను వలసకుటుంబములు పడమటి దిక్కునకు సాగిపోవుచుండెను. బడి లేదు, గుడి లేదు. ఒక యింటినుండి మరియొక యింటికి పోవుటకు గుఱ్ఱముపై చాలదూరము పోవలసియుండెను. హయ్యరుగారు పెన్సిల్వేనియా, మేరిలాండు, ఇండియానా, కెంటకీ ప్రాంతములందు ఇట్టివారిని వెదకుచు సంచరించి, జర్మనులో అడిగినవారికి జర్మనులోను, ఆంగ్లములో అడిగినవారికి ఆంగ్లములోను బోధించిరి. ఆదివారపు బడులను స్థాపించిరి. 1819లో మేరీ వెబ్ గాష్ అను వితంతువును వివాహమాడిరి. ఆమె 1839లో మరణించెను.

భార్యావియోగము కలిగిన రెండేండ్లకు పెన్సిల్వేనియా మినిస్టీరియమువారు ఆయనను ఇండియాకు పంప నిశ్చయించిరి. అప్పుడాయనకు నలుబదియెనిమిదేండ్లు. 1841 అక్టోబరులో బోస్టను రేవున ఓడయెక్కి, సింహళము మీదుగా దక్షిణదేశము చేరి, చెన్నపట్టణము వచ్చి, 1842 జూలై 31వ తేదీన గుంటూరు ప్రవేశించిరి. బయలుదేరినది మొదలు గమ్యము చేరువరకు తొమ్మిదినెలలు దాటెను. గుంటూరు కలెక్టరు హెన్రీ స్టోక్సుగారు ఆయనను ఆదరించిరి. హయ్యరుగారు తెలుగు నేర్చుకొనుచు పాఠశాలలు తెరచిరి. బాలికల చదువు వింతగా నుండిన ఆ దినములలో బాలికలకు సహితము బడి పెట్టిరి.

కొలదియేండ్లకు ఆరోగ్యము చెడి అమెరికాకు మరలిరి. అంతటితో విశ్రమించినచో నెవరును నిందింపకుందురు. ఆయన బాల్టిమోరు నగరమున వైద్యవిద్యార్థులతో కూర్చుండి, 1847లో, ఏబదిమూడవ యేట, వైద్యపట్టము పొందిరి. తాను సేవింపబోవు పల్లెలలో బోధకునికంటె ముందు వైద్యుడు కావలెనని ఆయన గ్రహించియుండిరి కాబోలు. మరుసటి సంవత్సరము గుంటూరు చేరి, 1849లో పల్నాటిలోని గురజాలకు తరలిరి. పల్నాటి యెండయు జ్వరములును ఎట్టివో తెలుగువారికి చెప్పనక్కరలేదు. అచట కొన్నియేండ్లు పనిచేసి, శరీరము సహింపకపోగా, 1857లో స్వదేశమునకు వెడలిరి.

అప్పటికి అరువదినాలుగేండ్లు వచ్చినను ఆయనకు తీరిక లేదు. మినిసోటా రాష్ట్రమునకు జర్మనులు క్రొత్తగా గుంపులుగా వచ్చుచుండిరి. హయ్యరుగారు అచటికి పోయి, చెదరియున్న సంఘములను కూర్చి, 1860లో ఏర్పడిన మినిసోటా సినడునకు మొదటి అధ్యక్షులైరి.

ఇంతలో గోదావరితీరమున చిక్కులు కలిగెను. రాజమండ్రి మిషను మొదట ఉత్తర జర్మనీవారిది. 1850లో అది అమెరికా లూథరనుల చేతికి వచ్చెను. 1861 మొదలు 1865 వరకు అమెరికాలో అంతర్యుద్ధము జరిగెను. ధనము కరవయ్యెను, పంపుటకు మనుష్యులు లేరైరి. యుద్ధము ముగిసినను లూథరనులలోనే చీలిక యేర్పడెను. అందుచేత రాజమండ్రిని ఇంగ్లండులోని చర్చి మిషనరీ సొసైటీవారికి అప్పగింప సంకల్పించిరి. పెద్దల ఆలోచన న్యాయముకానిదని చెప్పవీలులేదు. ఆ సొసైటీ అనుభవము గలది. నడపలేనివారు నడపగలవారికి అప్పగించుట లోకమున వాడుకయే.

ఆ సమయమున హయ్యరుగారు పుట్టిన దేశమున ఉండిరి. పదునాలుగవ యేట విడిచిన ఊరును ముదిమిలో మరల చూచుచుండగా ఈ వార్త చెవినిబడెను. ఆయన వెంటనే ఓడయెక్కి అమెరికా చేరిరి. 1869 మే నెలలో పెన్సిల్వేనియా మినిస్టీరియమువారి సభ రెడింగు నగరమున కూడియుండెను. నూటయిరువదియేండ్లకు పైబడిన కాలము క్రిందట తమకు గురువు లేడని హాలేకు మొరవెట్టుకొన్నవారి సంతతియే ఆ సభ. ఆ సభలో ఆ వృద్ధుడు లేచి నిలిచి, రాజమండ్రిని విడువవద్దనియు, పోవువారు లేనిచో తానే పోయెదననియు తెలిపిరి. ప్రయాణపు సంచి సహితము సిద్ధముగా తెచ్చుకొనిరని చెప్పుదురు. అప్పుడాయనకు డెబ్బదియారవ యేడు నడుచుచుండెను.

చదువరులారా, ఆ సభవారి యిబ్బంది నూహింపుడు. ఔనన్నచో ఒక వృద్ధుని మరణమునకు తాము బాధ్యులమగుదుమను భయము. కాదన్నచో యువకులు చేయనిదానిని వృద్ధుడు చేసెదనని నిలువగా ఊరకుంటిమను సిగ్గు. తుదకు వారు రాజమండ్రిని తమయొద్దనే ఉంచుకొన నిశ్చయించి, ఆయనను పంపిరి. 1869 డిసెంబరులో హయ్యరుగారు మూడవమారు ఇండియాకు వచ్చి, గోదావరి యొడ్డున అడుగుపెట్టిరి. మరుసటి సంవత్సరము స్మిత్తుగారు మొదలగు పిన్నవయస్కులు వచ్చి ఆ పని నందుకొనిరి. పని నిలిచెనని తెలిసికొని హయ్యరుగారు 1871లో మరలిరి. ఫిలడెల్ఫియాలోని వేదాంత పాఠశాలలో విద్యార్థులకు గురువుగను, ఇంటిపెద్దగను ఉండి, 1873 నవంబరు 7వ తేదీన దేహము చాలించిరి. పెన్సిల్వేనియాలోనే ఫ్రీడెన్స్ అను చిన్న జర్మను గ్రామపు శ్మశానవాటికలో, భార్య సమాధిప్రక్కనే, ఆయనను భూస్థాపనము చేసిరి. ఆ గ్రామనామమునకు జర్మనుభాషలో సమాధానమని యర్థము. ఒక యూరనైనను నిలకడగా నుండనివానికి తగిన విశ్రాంతిస్థలమే దొరికెను.

ఆయన వెనుక ఆ పని పెరిగెను. 1883లో అన్నా కుగ్లరు అను వైద్యురాలు గుంటూరునకు వచ్చి స్త్రీలకు వైద్యము చేసెను. 1885లో అచట కళాశాల వెలసెను. 1927లో ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరను సంఘము ఏర్పడెను. రెడింగు సభలో మరియొక తీర్మానము జరిగియున్నచో గోదావరితీరపు చరిత్ర మరియొక రీతిగా నుండెడిది.

ఆయనను నిర్దోషియని పొగడుట నా యుద్దేశము కాదు. ఆయన తెలుగునాట తిరుగుచున్నపుడు ఆయన బిడ్డలు అమెరికాలో ఉండిరి. తండ్రి సేవకు వెల చెల్లించినవారు తండ్రియొక్కడే కాడు. పెద్దపనులు చేసినవారి చరిత్రలు చదువునపుడు, వారి యింట మౌనముగా నోర్చుకొన్నవారిని సహితము తలంచుట మనకు ధర్మము.

మన గౌడవెల్లి స్టేషనులో నిలిచిన బాలుడు రైళ్లు పోవుట చూచి, అవి ఎంతదూరము పోవునో యని ఆశ్చర్యపడును. చదువు ముగిసిన పిమ్మట మనలో కొందరు ఆ రైళ్లలోనే దూరదేశములకు పోవుదురు, అచట మొదట ఒంటరివారై యుందురు, తరువాత స్థిరపడుదురు. రెడింగు జర్మనులును అట్టివారే. స్థిరపడిన పిమ్మట, తాము పరులవలన పొందిన మేలును మరియొక పరదేశమునకు అందింపవలసిన గడియ వారికి వచ్చెను. ఆ గడియలో వారు కొంత తడబడిరి. వారికి ఆ ఋణమును గుర్తుచేసినవాడు తానును బాల్యమున వలసవచ్చినవాడే. మనకును అట్టి గడియ వచ్చును. అప్పుడు గుర్తుచేయు వృద్ధుడు ఎదుట నుండకపోయినను, తడబాటు లేక లేచి నిలుచువారు ఈ పాఠశాలనుండి వెలువడుదురుగాక.