దుర్గాబాయి దేశ్‌ముఖ్

మీరు చిన్నప్పుడు బడి ఎందుకు మానేశారు? పాఠం మొదలుపెట్టే ముందు ఒక్క నిమిషం గుర్తు చేసుకోండి. చంటి తమ్ముణ్ణి ఎత్తుకోవలసి వచ్చిందా? అమ్మకు జబ్బు చేసిందా? ఊళ్లో పంతులమ్మ లేదని ఇంట్లో పంపలేదా? లేక పెళ్లి చేసేశారా? ఇటువంటి అడ్డంకుల మీద జీవితమంతా పనిచేసిన ఒక స్త్రీ కథ ఇది. ఆమె చదువు కూడా మధ్యలో ఆగిపోయినదే.

దుర్గాబాయి 1909 జులై 15న రాజమండ్రిలో పుట్టారు. పెరిగింది కాకినాడలో. ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు. వయసు వచ్చాక ఆ పెళ్లి తనకు ఇష్టం లేదని చెప్పి, భర్తను మరొకరిని చేసుకోమన్నారు. తండ్రి ఆమెను కోప్పడలేదు, అండగా నిలిచారు. ఆ రోజుల్లో అది చిన్న విషయం కాదు. చాలా ఏళ్ల తరువాత ఆ భర్త చనిపోయాడు. అతని రెండవ భార్యకు దిక్కులేకపోతే, దుర్గాబాయే ఆమెను చేరదీసి చేతిపని నేర్పించారు.

బడిలో ఇంగ్లీషును బలవంతంగా పెట్టారని దుర్గాబాయి పన్నెండేళ్ల వయసులో బడి మానేశారు. ఊరికే కూర్చోలేదు. హిందీ నేర్చుకుని, కాకినాడలో ఆడవాళ్ల కోసం హిందీ పాఠశాల పెట్టారు. 1923లో కాకినాడలో కాంగ్రెసు మహాసభలు జరిగాయి. అక్కడి ప్రదర్శన ద్వారం దగ్గర ఆమె కార్యకర్తగా నిలబడ్డారు. టిక్కెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూను లోపలికి పోనివ్వలేదు. నిర్వాహకులు ఆయనకు టిక్కెట్టు కొన్నాకే పంపించారు. ఈ సంగతి మీరు వినే ఉంటారు.

1930లో ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొని జైలుకు వెళ్లారు. జైలులో శిక్ష పడిన ఆడవాళ్లను చూశారు. చదువు లేక, కోర్టులో తమ మాట తాము చెప్పుకోలేక శిక్ష పడినవాళ్లు వారిలో ఉన్నారు. వీళ్లకు సాయం చేయాలంటే తాను లా చదవాలని ఆమెకు అనిపించింది. కానీ లా చదవాలంటే ముందు మెట్రిక్ ప్యాస్ కావాలి. అప్పటికి ఆమె వయసు ఇరవై దాటింది.

అప్పట్లో బెనారస్ విశ్వవిద్యాలయం మెట్రిక్ పరీక్షకు ప్రైవేటుగా కూర్చోనిచ్చేది. చిన్నప్పుడు వద్దనుకున్న ఇంగ్లీషును దుర్గాబాయి మళ్లీ మొదటి నుంచి నేర్చుకున్నారు. మీలాగే ఇంటి దగ్గర పుస్తకం పెట్టుకుని చదివారు. మెట్రిక్, ఇంటర్మీడియట్ ప్యాస్ అయ్యారు. తరువాత బి.ఎ. కోసం ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వెళితే, ఆడపిల్లలకు హాస్టలు లేదు కాబట్టి సీటు ఇవ్వలేమన్నారు. చదవాలనుకునే అమ్మాయిలు ఇంకెవరైనా ఉన్నారా అని ఆమె పత్రికలో ప్రకటన వేయించారు. ఉన్నారు! వాళ్లతో కలిసి హాస్టలు నడిపి, సీటు సంపాదించారు. ఆ తరువాత మద్రాసులో లా చదివి ప్లీడరు అయ్యారు.

1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభను స్థాపించారు. తాను రాసిన ఆ బెనారస్ మెట్రిక్ పరీక్షకే అక్కడ ఆడవాళ్లకు పాఠాలు చెప్పించారు. చదువు మధ్యలో ఆగిపోయినవాళ్లూ, భర్త పోయినవాళ్లూ వచ్చి చదువుకున్నారు. చదువుతో పాటు కాన్పుల ఆసుపత్రి వచ్చింది. తరువాత పోలియోతో కాళ్లు చచ్చుబడిన పిల్లలకు చికిత్సా కేంద్రం కూడా వచ్చింది. బడికీ ఆసుపత్రికీ సంబంధం ఏమిటని మీకు అనిపించవచ్చు. జబ్బుపడిన పిల్ల బడికి పోలేదు. తల్లి మంచాన పడితే పెద్దకూతురు బడి మానేస్తుంది. పేద ఇంట్లో ఈ రెండూ ఒకటే కష్టం.

స్వాతంత్ర్యం వచ్చే ముందు 1946లో ఆమె రాజ్యాంగ సభలో సభ్యురాలయ్యారు. 1952లో ప్రణాళికా సంఘంలో చేరారు. 1953లో సి.డి. దేశ్‌ముఖ్‌ను పెళ్లి చేసుకున్నారు. ఆయన అప్పుడు ఆర్థిక మంత్రి. అదే ఏడాది ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు ఆమె మొదటి అధ్యక్షురాలు.

1954 నుంచి ఈ బోర్డు పల్లెల్లో పని మొదలుపెట్టింది. కొన్ని ఊళ్లను ఒక జట్టుగా తీసుకుని చిన్నపిల్లలకు బాలవాడి, గర్భిణీలకు మంత్రసాని సాయం, ఆడవాళ్లకు చదువు, చేతిపని ఏర్పాటు చేశారు. బాలవాడి ఉంటే తల్లి కూలికి పోయినా చంటివాడికి చోటు దొరుకుతుంది. వాడిని ఎత్తుకుని తిరిగే అక్కకు బడికి పోయే వీలు దొరుకుతుంది.

అయితే ఒక పెద్ద చిక్కు వచ్చింది. బాలవాడి నడపడానికి చదువుకున్న ఆడమనిషి కావాలి. నర్సు కావాలి. పంతులమ్మ కావాలి. పట్నం అమ్మాయిలు పల్లెకు రారు. పల్లెలో చదువుకున్నవాళ్లు లేరు. పంతులమ్మ లేదని తల్లిదండ్రులు ఆడపిల్లల్ని బడికి పంపరు. పంపకపోతే రేపటికి పంతులమ్మ ఎక్కడి నుంచి వస్తుంది? ఈ ముడి ఎక్కడ విప్పాలో ఒకసారి మీరే ఆలోచించి చూడండి.

దుర్గాబాయి పిల్లల దగ్గర కాక, పెద్దవాళ్ల దగ్గర విప్పారు. పిల్ల పెరిగి పంతులమ్మ కావడానికి పదిహేనేళ్లు పడుతుంది. కొంత చదివి మానేసిన యువతికి రెండేళ్లు గట్టిగా పాఠాలు చెబితే పరీక్షకు కూర్చోగలదు. మద్రాసులో ఆమె ఈ పని చేసి చూశారు కదా! 1958లో బోర్డు ఈ పద్ధతిని దేశమంతటా ప్రవేశపెట్టింది. దీన్నే సంక్షిప్త విద్యా కోర్సు అన్నారు. ఇలా చదివినవాళ్లు బాలసేవికలుగా, నర్సులుగా, టీచర్లుగా శిక్షణ పొందడానికి వీలయింది. స్త్రీ విద్య గురించిన జాతీయ సంఘానికి కూడా అదే ఏడాది ఆమెను అధ్యక్షురాలిగా వేశారు. 1959లో ఇచ్చిన నివేదికలో ఆ సంఘం టీచరమ్మల కొరత గురించి గట్టిగా చెప్పింది. పల్లెల్లో వాళ్లు ఉండటానికి ఇళ్లు కట్టించాలని కూడా కోరింది. ఇల్లు లేకపోతే ఒంటరి ఆడమనిషి కొత్త ఊళ్లో ఎక్కడ ఉంటుంది? పట్నంలో కూర్చుని రాసేవాళ్లు తరచు మరిచిపోయే విషయం ఇది.

1975లో ఆమెకు పద్మవిభూషణ్ ఇచ్చారు. 1981 మే 9న మరణించారు. హైదరాబాదు విద్యానగర్‌లోని ఆసుపత్రికి ఆమె పేరే పెట్టారు. అదే నగరంలో ఆంధ్ర మహిళా సభ అక్షరాస్యతా కేంద్రం కూడా పెట్టింది. కొత్తగా చదవడం నేర్చుకున్న పెద్దవాళ్ల కోసం అక్కడ తేలిక తెలుగులో పుస్తకాలు తయారుచేశారు.