ఎర్నెస్ట్ ఎమొరీ కాడ్మన్

ఎర్నెస్ట్ ఎమొరీ కాడ్మన్ (డిసెంబర్ 30, 1869 – నవంబర్ 23, 1940) అమెరికాకు చెందిన శస్త్రచికిత్స వైద్యుడు. ఆసుపత్రిలో చికిత్స పొందిన ప్రతి రోగీ ఆ తరువాత ఏమయ్యాడో విచారించి, ఆ ఫలితాన్ని నమోదు చేసి, బహిరంగంగా ప్రకటించాలని వాదించిన వైద్యులలో ఈయన ప్రముఖుడు. ఈ పద్ధతికి ఆయన పెట్టిన పేరు అంత్యఫలిత విధానం. ఆసుపత్రుల నాణ్యతను కొలిచే ప్రమాణాలకు ఆద్యులలో ఒకడిగా నేడు కాడ్మన్‌ను గౌరవిస్తున్నారు. జీవించి ఉన్న కాలంలో మాత్రం ఇదే వాదన వల్ల ఆయన హార్వర్డు పదవిని, రాబడిలో చాలా భాగాన్ని పోగొట్టుకున్నాడు. భుజం కీలు వ్యాధుల గురించి, ఎముకలలో వచ్చే కాన్సర్ గురించి ఆయన చేసిన పరిశోధనలు కూడా ప్రసిద్ధమైనవి.

తొలి జీవితం

కాడ్మన్ మసాచుసెట్స్ రాష్ట్రంలోని బోస్టన్ నగరంలో జన్మించాడు. 1891లో హార్వర్డు కళాశాల నుండి పట్టా పొంది, 1895లో అక్కడి వైద్య కళాశాలలో చదువు ముగించాడు. తరువాత మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో శిక్షణ పొంది, అక్కడే శస్త్రచికిత్స విభాగంలో చేరాడు. 1846లో ఈథర్‌ను మత్తుమందుగా వాడి శస్త్రచికిత్స చేయవచ్చునని ప్రపంచానికి చాటిన ఆసుపత్రి ఇదే. 1899లో కేథరిన్ బౌడిచ్‌ను వివాహం చేసుకున్నాడు.

లెక్కలు వ్రాసి ఉంచే అలవాటు ఆయనకు విద్యార్థి దశలోనే మొదలైంది. ఆ రోజులలో రోగికి ఈథర్ ఇచ్చే పని వైద్య విద్యార్థులకే అప్పగించేవారు. అందుకు తగిన శిక్షణ ఉండేది కాదు. కాడ్మన్ సహాధ్యాయి హార్వే కుషింగ్ (ఈయన తరువాతి కాలంలో మెదడు శస్త్రచికిత్సలో పేరు పొందాడు) ఈథర్ ఇస్తుండగా ఒక రోగి మరణించాడు. ఈథర్ ఇవ్వడంలో ఎవరు మెరుగో తేల్చుకుందామని మిత్రులిద్దరూ పందెం వేసుకున్నారు. శస్త్రచికిత్స జరుగుతున్నంతసేపూ రోగి నాడి, శ్వాస ఎలా ఉన్నాయో ఒక కాగితంపై గుర్తించసాగారు. 1894 ప్రాంతంలో మొదలైన ఈ పట్టికలు మత్తుమందు చరిత్రలో తొలి నమోదు పత్రాలుగా నిలిచాయి. నేటికీ శస్త్రచికిత్స గదిలో ఇటువంటి పట్టికను నిర్వహిస్తారు.

రాంట్‌జెన్ 1895లో ఎక్స్-కిరణాలను కనుగొన్న వెంటనే, 1896లోనే కాడ్మన్ వాటితో ప్రయోగాలు మొదలుపెట్టాడు. ఎక్స్-కిరణాల వల్ల కాలిన గాయాల గురించి అంతవరకు నమోదైన ఉదంతాలన్నింటినీ సేకరించి, 1902లో ఒక వ్యాసం ప్రకటించాడు.

అంత్యఫలిత విధానం

ఆసుపత్రుల లెక్కలు అంతకు ముందు లేకపోలేదు. ఫ్లోరెన్స్ నైటింగేల్ 1860లో లండనులో జరిగిన అంతర్జాతీయ గణాంక మహాసభ ముందు, అన్ని ఆసుపత్రులూ ఒకే నమూనాలో వివరాలు నమోదు చేయాలనే ప్రతిపాదన ఉంచింది. అయితే సాధారణంగా ఆసుపత్రుల వార్షిక నివేదికలు ఎందరు చేరారు, ఎందరు విడుదలయ్యారు, ఎంత ఖర్చయింది అన్న వివరాలతో ముగిసేవి. ఇంటికి వెళ్ళిన రోగికి నిజంగా నయమైందా అన్న ప్రశ్నకు ఆ పుస్తకాలలో జవాబు దొరకదు. కాడ్మన్ పట్టుకున్నది ఈ ఒక్క ప్రశ్ననే.

ఆయన పద్ధతి చాలా సాదా అయినది. ప్రతి రోగికీ ఒక చిన్న కార్డు ఉంటుంది. రోగి ఏ బాధతో వచ్చాడు, వైద్యుడు ఏ వ్యాధి అని భావించాడు, ఏ చికిత్స చేశాడు, చికిత్సలో ఏ చిక్కులు వచ్చాయి అన్నవి దానిపై వ్రాయాలి. ఒక సంవత్సరం గడిచాక రోగిని మళ్ళీ విచారించి, అతని స్థితిని అదే కార్డుపై చేర్చాలి. ఫలితం బాగులేకపోతే కారణం కూడా వ్రాయాలి. ఆ కారణాలను కాడ్మన్ కొన్ని వర్గాలుగా విభజించాడు: వైద్యుని నైపుణ్యం చాలకపోవడం, నిర్ణయంలో పొరపాటు, రోగ నిర్ధారణలో పొరపాటు, సంరక్షణలో లేదా పరికరాలలో లోపం, వ్యాధి లొంగనిది కావడం, రోగి చికిత్సకు అంగీకరించకపోవడం. ఎవరి చేతిలోనూ లేని ఆపదలకు వేరే వర్గం ఉండేది.

1910లో ఇంగ్లండు పర్యటనలో ఆయన ఈ ఆలోచనను ఫిలడెల్ఫియాకు చెందిన ఎడ్వర్డ్ మార్టిన్‌కు ఒక గుర్రపు బండి ప్రయాణంలో వివరించాడు. శస్త్రచికిత్స వైద్యులకు ఒక జాతీయ సంస్థ ఉంటే ఈ విధానాన్ని దేశమంతటా ప్రవేశపెట్టవచ్చునని వారు భావించారు. 1912లో ఉత్తర అమెరికా శస్త్రచికిత్స వైద్యుల మహాసభ, ఆసుపత్రుల ప్రామాణీకరణ కోసం ఒక సంఘాన్ని నియమించి కాడ్మన్‌ను దానికి అధ్యక్షుణ్ణి చేసింది. మరుసటి సంవత్సరం అమెరికన్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ ఏర్పడింది.

సొంత ఆసుపత్రి

పెద్ద ఆసుపత్రులు ముందుకు వచ్చేవరకు ఆగకుండా, కాడ్మన్ 1911లో బోస్టన్‌లోని పింక్నీ వీధిలో సొంతంగా ఒక చిన్న ఆసుపత్రి తెరిచాడు. 1911 నుండి 1916 వరకు అక్కడి నుండి విడుదలైన 337 మంది రోగుల విషయంలో 123 పొరపాట్లు జరిగినట్లు ఆయనే నమోదు చేసి, అచ్చు వేయించి, ఇతర ఆసుపత్రులకు పంపాడు. వీటిలో ఆయన సొంత తప్పులూ ఉన్నాయి. ఒక శస్త్రచికిత్సలో కాలేయం నుండి వచ్చే పిత్తనాళాన్ని తానే పొరపాటున కట్టివేశానని, రోగి మరణించేవరకు ఆ సంగతి గుర్తించలేదని కూడా దాచకుండా వ్రాశాడు. ఈ వివరాలన్నీ ఉన్న ఎ స్టడీ ఇన్ హాస్పిటల్ ఎఫిషియన్సీ అనే పుస్తకాన్ని సొంత ఖర్చుతో ప్రచురించాడు.

ఈ లెక్కలకు పరిమితులు లేకపోలేదు. రోగుల సంఖ్య తక్కువ. తీవ్రమైన వ్యాధితో వచ్చినవారిని, స్వల్ప బాధతో వచ్చినవారిని సరిపోల్చేందుకు తగిన గణాంక పద్ధతి అప్పటికి లేదు.

1915 సభ

మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో పదోన్నతులు సీనియారిటీని బట్టి ఇచ్చేవారు. దీనికి నిరసనగా కాడ్మన్ 1914లో రాజీనామా చేశాడు. వెంటనే, గత పదేళ్ళలో తన రోగుల ఫలితాలు ఇతరుల కంటే మెరుగ్గా ఉన్నాయి కనుక తనను ప్రధాన శస్త్రచికిత్స వైద్యునిగా నియమించాలని ధర్మకర్తలకు లేఖ వ్రాశాడు. ఆ పదవి వస్తుందని ఆయన ఆశించలేదు. తన మాటను కాదనాలంటే వారు ఇతరుల ఫలితాలను కూడా లెక్కించవలసి వస్తుంది. లేఖ ఉద్దేశం అదే. ధర్మకర్తలు ఆ పని చేయలేదు.

1915 జనవరి 6న స్థానిక వైద్య సంఘం సభలో, ఆసుపత్రుల సామర్థ్యంపై చర్చకు కాడ్మన్ అధ్యక్షత వహించాడు. నగర మేయర్ జేమ్స్ మైకేల్ కర్లీ కూడా హాజరయ్యాడు. సభ చివరలో కాడ్మన్ ఒక పెద్ద వ్యంగ్య చిత్రాన్ని తెరిచి చూపించాడు. అందులో ధనికులు నివసించే బ్యాక్ బే ప్రాంతపు ప్రజలు, ఇసుకలో తల దూర్చిన నిప్పుకోడిగా కనిపిస్తారు. ఆ పక్షి బంగారు గుడ్లను వెనుకనున్న వైద్యుల వైపు తన్నుతూ ఉంటుంది. నిజం తెలిస్తే ఇది గుడ్లు పెట్టడం మానివేస్తుందేమోనని ఆసుపత్రి ధర్మకర్తలు ఆలోచిస్తుంటారు. హార్వర్డు విశ్వవిద్యాలయ అధ్యక్షుణ్ణి కూడా చిత్రకారుడు వదలలేదు.

సభలో పెద్ద గొడవ జరిగింది. పత్రికలలో వార్తలు వచ్చాయి. కాడ్మన్ వైద్య సంఘంలోని తన అధ్యక్ష స్థానాన్ని వదులుకోవలసి వచ్చింది. హార్వర్డులో బోధకుని పదవి కూడా పోయింది. తోటి వైద్యులు రోగులను ఆయన వద్దకు పంపడం తగ్గించారు. నాయకత్వం వహించిన ప్రామాణీకరణ సంఘం నుండి కూడా ఆయన తప్పుకున్నాడు. చిత్రాన్ని చూపకపోతే ఆయన ఆశయానికి మరింత మేలు జరిగి ఉండేదని కొందరు భావిస్తారు. అయితే అంతకు ముందు ఏళ్ళ తరబడి మర్యాదగా అడిగినప్పుడు కూడా ఫలితాలను ప్రకటించడానికి చాలామంది ముందుకు రాలేదు.

ప్రమాణాల జాబితా

1917లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ ఆసుపత్రులకు కనీస ప్రమాణాలను రూపొందించింది. వైద్యులు ఒక క్రమబద్ధమైన సిబ్బందిగా ఏర్పడటం, వారు అర్హులై ఉండటం, క్రమంగా సమావేశం కావడం, రోగి వివరాలు పూర్తిగా నమోదు చేయడం, ప్రయోగశాల, ఎక్స్-రే సౌకర్యాలు ఉండటం వీటిలోని ముఖ్యాంశాలు. ఇవి ఒక పుటకు మించవు. రోగికి నయమైందా లేదా అన్న కాడ్మన్ ప్రశ్న మాత్రం ఇందులో చోటు చేసుకోలేదు. ఇంత సులువైన ప్రమాణాలను కూడా, 100 పడకలకు పైబడిన 692 ఆసుపత్రులను పరిశీలించగా 89 మాత్రమే అందుకున్నాయి. తప్పిన వాటిలో దేశంలోని పేరున్న ఆసుపత్రులు కూడా ఉండటంతో, 1919 అక్టోబరులో న్యూయార్క్‌లోని వాల్డార్ఫ్ అస్టోరియా హోటలులో సంస్థ పెద్దలు ఆ జాబితాను కొలిమిలో కాల్చివేశారు.

తరువాతి జీవితం

1917 డిసెంబర్ 6న కెనడాలోని హాలిఫాక్స్ రేవులో మందుగుండు ఓడ పేలి 1,700 మందికి పైగా మరణించినప్పుడు కాడ్మన్ అక్కడికి వెళ్ళి గాయపడినవారికి చికిత్స చేశాడు. మరుసటి సంవత్సరం సైన్యంలో వైద్యునిగా పనిచేశాడు. ఈలోగా ఆయన సొంత ఆసుపత్రి మూతపడింది.

1920లో ఎముక సార్కోమా రోగుల వివరాలను దేశంలోని వైద్యులందరి నుండి సేకరించి ఒక చోట నమోదు చేసే పని ప్రారంభించాడు. ఒక వైద్యుడు తన జీవితకాలంలో ఈ వ్యాధిని కొద్దిసార్లే చూస్తాడు కనుక, అందరి అనుభవాన్నీ కలిపితే తప్ప ఏ చికిత్స పనిచేస్తుందో తెలియదని ఆయన ఉద్దేశం. కార్డుల వెనుకనున్న ఆలోచన ఇక్కడ మరో రూపంలో కొనసాగింది. ఎక్స్-రే చిత్రంలో ఎముక కణితికి గుర్తుగా కనిపించే కాడ్మన్ త్రికోణం, భుజం నొప్పి ఉన్నవారు చేతిని వేలాడదీసి ఊపే కాడ్మన్ వ్యాయామం ఆయన పేరుతోనే వ్యవహారంలో ఉన్నాయి. భుజంపై ఆయన వ్రాసిన ది షోల్డర్ అనే గ్రంథం 1934లో వెలువడింది. దాని ఆదిలోనూ చివరలోనూ ఆయన తన జీవిత విశేషాలను కూడా చేర్చాడు.

1940లో కాడ్మన్ మసాచుసెట్స్‌లో మరణించాడు.

మరణానంతరం

అమెరికాలో ఆసుపత్రులకు గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ 1951లో ఏర్పడింది. 1966లో అవెడిస్ డొనబెడియన్ వైద్య నాణ్యతను సదుపాయాలు, చికిత్సా విధానం, ఫలితం అనే మూడు కోణాల నుండి పరిశీలించాలని ప్రతిపాదించాడు. ఇందులో మూడవది కాడ్మన్ అడిగినదే. హృదయ బైపాస్ శస్త్రచికిత్సలలో మరణాల వివరాలను ఆసుపత్రుల వారీగా న్యూయార్క్ రాష్ట్రం 1990లో వెల్లడించింది. వైద్యుల పేర్లతో సహా వివరాలు మరుసటి ఏడు బయటకు వచ్చాయి. అవి రావడానికి ఒక దినపత్రిక కోర్టుకు వెళ్ళవలసి వచ్చింది. నర్సులు, వైద్యులు తమ మాట విన్నారా, గది శుభ్రంగా ఉందా, రాత్రి నిశ్శబ్దంగా ఉందా వంటి ప్రశ్నలకు రోగులు ఇచ్చిన జవాబులను అమెరికా ప్రభుత్వం 2008 నుండి ఆసుపత్రుల వారీగా ప్రకటించడం మొదలుపెట్టింది. భారతదేశంలో కేంద్ర ఆరోగ్య శాఖ 2016లో మేరా అస్పతాల్ పేరుతో రోగుల అభిప్రాయ సేకరణను ప్రారంభించింది.

1996లో జాయింట్ కమిషన్ కాడ్మన్ పేరిట ఒక పురస్కారాన్ని నెలకొల్పింది. కేంబ్రిడ్జిలోని మౌంట్ ఆబర్న్ శ్మశానంలో ఆయన సమాధిపై చాలాకాలం పేరు చెక్కిన రాయి కూడా లేదు. 2014లో శస్త్రచికిత్స వైద్యుల సంస్థలు అక్కడ స్మారక శిలను ప్రతిష్ఠించాయి.