గడ్డిపరకతో మొదలైన చదువు

1842లో, దక్షిణ ఫ్రాన్సునందలి కార్పెంత్రా అను చిన్న పట్టణపు పాఠశాలకు పందొమ్మిదేండ్లైనను నిండని యొక ఉపాధ్యాయుడు వచ్చెను. ఆయన పేరు జాన్ హెన్రీ ఫాబ్రే. 1823లో సేంట్ లియోన్ అను కొండపల్లెలో బీద కుటుంబమున జన్మించినవాడు. జీతము ఏడాదికి ఏడువందల ఫ్రాంకులు. బడిపంతులు బీదతనమునకు దేశభేదము లేదు కాబోలు!

భూమిని కొలుచు విద్యను నల్లబల్లపై నేర్పుట ఫాబ్రేకు రుచింపలేదు. వారమున కొకసారి విద్యార్థులను వెంటబెట్టుకొని, ఊరి వెలుపల రాళ్ళతో నిండిన బీటికి పోవుచుండెను. అచట నొక వింత జరిగెను. దూరమున కొయ్య పాతి రమ్మని పంపిన బాలుడు నడుమ నాగి, వంగి, గులకరాళ్ళను వెదకుచుండెడివాడు. ఒక్కడు కాదు, అందఱును అంతే. విచారింపగా సంగతి తెలిసెను. నల్లని పెద్ద తేనెటీగ యొకటి ఆ రాళ్ళపై మట్టితో గూళ్ళు కట్టుచున్నది. పిల్లలు గూటిని విప్పి గడ్డిపరకతో తేనె పీల్చుచున్నారు. శిష్యులకు పాతసంగతియే, గురువునకు మాత్రము క్రొత్త. మఱియొకరైనచో బెత్తము నందుకొనెడివారు. ఫాబ్రే తానును ఒక గడ్డిపరకను అందుకొనెను. ఆ యీగ పేరు తెలిసికొనుటకై, నెలజీతమంత వెలగల కీటకశాస్త్ర గ్రంథమును కొనెను.

పిమ్మట కొంతకాలము కార్సికా ద్వీపమునను, 1853 నుండి అవిన్యోన్ నగరమునను ఉపాధ్యాయుడుగా పనిచేసెను. కందిరీగ తన గూటిలో దాచిన పురుగులు వారములు గడచినను ఏల కుళ్ళవు? చచ్చిన పురుగును చెడకుండ కాపాడు ద్రవమేదో కందిరీగ యెక్కించుచున్నదని ఆనాటి పండితుడు లేయోన్ దుఫూర్ తలచెను. ఫాబ్రే కందిరీగల బొరియల చెంత గంటలకొలది కాచియుండి, ఆ పురుగులు చచ్చినవి కావని కనుగొనెను. నాడీకేంద్రమున గ్రుచ్చిన కొండితో వానికి కదలిక మాత్రమే పోవును, ప్రాణము నిలిచియుండును. గ్రుడ్డు నుండి వెలువడిన పిల్లకు అది తాజా ఆహారము. ఈ ఫలితమును 1855లో ప్రకటించెను. భ్రమరకీటక న్యాయమను మాటను మనవారెఱుగుదురు. కందిరీగ తెచ్చిన పురుగే ధ్యానబలమున కందిరీగ యగునను నమ్మకమది. గూటి నుండి కందిరీగ వెలువడుట నిజమే. పురుగు దాని కాహారమైనది.

ఒకనాడు ప్రొద్దుటనే పొలమున కేగుచు, రాతిపై కదలక కూర్చున్న ఫాబ్రేను చూచిన ద్రాక్షతోట కూలిస్త్రీలు, సాయంకాలము మరలివచ్చునప్పుడును ఆయనను అచటనే చూచి, పాపము మతిలేనివాడని జాలిపడిరి.

అవిన్యోన్‌లో ఆయన సాయంకాలము ప్రజలకు శాస్త్రోపన్యాసము లిచ్చుచుండెను. బాలికలును వచ్చుచుండిరి. పుప్పొడివలన పూవు కాయ యగు విధమును వారికి వివరించుట కొందఱు మతపెద్దలకు మహాపరాధముగా తోచెను. నిందలు రేగెను. 1870లో అద్దెయింటివారు ఖాళీచేయుమనిరి. భార్య, బిడ్డలు, చేత చిల్లిగవ్వ లేదు. అప్పుడు ఆదుకొన్నవాడు ఆంగ్ల తత్త్వవేత్త జాన్ స్టూవర్ట్ మిల్. భార్య సమాధి అవిన్యోన్‌లో నుండుటచే మిల్ అచటనే యెక్కువగా నివసించుచు, ఫాబ్రేతో కలసి అడవిమొక్కలను సేకరించుచుండెను. పత్రమైన వ్రాయించుకొనక మూడువేల ఫ్రాంకులు పంపెను. ఫాబ్రే ఓరాంజ్ పట్టణమునకు తరలి, పాఠ్యపుస్తకములు వ్రాసి, ఆ ఋణమును తీర్చెను. 1873 మే నెలలో ఇరువురును కలసి మొక్కలకై తిరిగిన కొలదిదినములకే మిల్ మరణించెను.

అంతకన్న పెద్ద దెబ్బ 1877లో తగిలెను. పూవులన్నను పురుగులన్నను ప్రాణమిడిన కుమారుడు జూల్ పదునారేండ్ల ప్రాయమున పోయెను. తాను క్రొత్తగా వర్ణించిన కందిరీగలకు తండ్రి ఆ బాలుని పేరు పెట్టెను.

1879లో సెరిన్యాన్ గ్రామమున ఒక బీడును కొనెను. దుక్కికి పనికిరాని అట్టి నేలను అచటివారు హర్మా అందురు. ముండ్లమొక్కలను ఆయన పెరుకలేదు. తేనెటీగలకును కందిరీగలకును అవియే విందు. అచటనే 1896లో, ఒకదాని వెంట నొకటి పట్టుదారముపై నడచెడి గొంగళిపురుగులు పూలతొట్టి అంచుపై వలయముగా చేరగా, ఎన్నాళ్ళు తిరుగునో యని కాచియుండెను. ఆహారము దాపుననే యున్నను అవి ఏడుదినములు ఆ చుట్టునే తిరిగెను.

ఇంతటి పరిశీలకుడు పరిణామవాదమును మాత్రము కడవఱకు అంగీకరింపలేదు. అది లోపమే. అయినను డార్విన్ ఆయనను గౌరవించెను. తేనెటీగలు ఇల్లు చేరు విధమును పరీక్షించుటకు ఉపాయము సూచించెను. ఫాబ్రే తన తేనెటీగలపై దానిని ప్రయోగించి చూచెను.

1879 నుండి 1907 వఱకు ఆయన కీటక స్మృతులు పది సంపుటములుగా వెలువడెను. 1915 అక్టోబరు 11న, తొంబదియొక యేండ్ల ప్రాయమున, ఫాబ్రే హర్మాలోనే కన్నుమూసెను. 1922లో ఫ్రెంచి ప్రభుత్వము ఆ యింటిని, ముండ్లమొక్కలతో గూడ ఆ బీటిని కొని భద్రపఱచెను.