ఈగలను విడదీసిన మాస్టారు

మన పిల్లలకు ఈగలన్నీ ఒక్కటే. ఒకప్పుడు పండితులకూ దాదాపు అంతే. ఇంటి ఈగను, మాంసం మీద వాలే నీలి ఈగను, పూల మీద తిరిగే ఈగలను లిన్నేయస్ ఒకే ప్రజాతిలో చేర్చారు. ఈ చిక్కు విప్పడానికి జీవితం ధారపోసిన యోహాన్ విల్హెల్మ్ మైగన్ మనలాంటి ఉపాధ్యాయుడే.

1764లో జర్మనీలోని జోలింగెన్‌లో పుట్టారు. ష్టోల్‌బెర్గ్ అనే చిన్న ఊళ్లో ఫ్రెంచి పాఠాలు చెబుతూ, చాలీచాలని రాబడితో సంసారం ఈదారు. అప్పటి పద్ధతిలో కీటకాల నోటి భాగాలు చూడాలి. అవి కంటికి ఆనవు. మైగన్ రెక్కల్లోని ఈనెలను, స్పర్శశృంగాలను గమనించారు. 1818 నుంచి 1838 వరకు ఏడు సంపుటాల్లో యూరప్ ఈగలను, దోమలను వర్ణించారు. బొమ్మలూ తానే గీశారు. మగ్గిన పండ్ల మీద మూగే చిన్న ఈగకు, తర్వాత జన్యుశాస్త్రంలో పేరుపడ్డ ఆ ఈగకే, మెలనోగాస్టర్ అని 1830లో పేరు పెట్టింది ఆయనే. బాన్ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చాక కొద్దికాలానికే, 1845లో కన్నుమూశారు.

ఆయన చూపు మన తరగతికీ పనికొస్తుంది. కిటికీ దగ్గర చచ్చిపడిన ఈగను తెల్లకాగితం మీదకు తీసి, భూతద్దంతో రెక్క చూపిద్దాం. ఇంటి ఈగకు రెక్క కొన దగ్గర ఒక ఈన మోచేయిలా ముందుకు వంగుతుంది. దాన్నే పోలి ఉండే చిన్న ఇంటి ఈగకు ఆ ఈన వంగకుండా అంచు దాకా సాగుతుంది. కుటుంబాలే వేరు. పూల మీద తేనెటీగలా కనిపించినా రెండే రెక్కలుంటే అదీ ఈగే. ముందు పేరు చెప్పొద్దు. తేడా ఏమిటో పిల్లలనే కనిపెట్టనిద్దాం.