కావలూరు అద్దం

వైను బప్పు 1927 ఆగస్టు 10న మద్రాసులో పుట్టారు. వాళ్ళది కేరళ వైపు కుటుంబమే గానీ నాన్నగారి ఉద్యోగం హైదరాబాద్ నిజామియా అబ్జర్వేటరీలో. అంచేత మన బేగంపేట ఆకాశమే ఆయనకి మొదటి బడి. నిజాం కాలేజీలో చదువుతూనే, వెలుగు పెరిగి తగ్గే నక్షత్రాలని రాత్రిళ్ళు కొలిచేవారు.

1949లో హైదరాబాద్ ప్రభుత్వ స్కాలర్‌షిప్ మీద హార్వర్డ్ వెళ్ళారు. వెళ్ళిన కొద్ది నెలలకే ఆయన తీసిన ఫొటో ప్లేటు మీద ఓ కొత్త తోకచుక్క పడింది. దానికి బప్పు–బాక్–న్యూకర్క్ అని పేరు. ఆ తర్వాత కాలిఫోర్నియాలో ఓలిన్ విల్సన్‌తో కలిసి చేసిన పని ఇంకా పెద్దది. కొన్ని నక్షత్రాల కాంతిని విడగొడితే కాల్షియం గీత మధ్యలో ఓ సన్నని మెరుపు గీత కనిపిస్తుంది. దాని వెడల్పు కొలిస్తే నక్షత్రం అసలు వెలుగెంతో తెలుస్తుంది, దాన్ని బట్టి దూరం కూడా. ఇదే విల్సన్–బప్పు ఎఫెక్ట్, 1957లో అచ్చయింది.

అక్కడే ఉండిపోతే ప్రపంచంలోకెల్లా పెద్ద టెలిస్కోపు చేతిలో ఉండేది. అయినా తిరిగొచ్చేశారు. ఇక్కడ అలాంటిదేదీ లేదు. ముందు నైనిటాల్, తర్వాత 1960లో కొడైకెనాల్ డైరెక్టరు. కొడైకెనాల్ సూర్యుణ్ణి చూడ్డానికి బాగుంటుంది కానీ రాత్రిళ్ళు మబ్బు. అందుకని చీకటిని వెతుక్కుంటూ బయల్దేరారు. తమిళనాడు జవ్వాది కొండల్లో కావలూరు దొరికింది.

చీకటిని వెతకడమేంటి అనుకుంటారేమో. 2018లో తిత్లీ తుఫాను తర్వాత కరెంటు లేని ఆ రాత్రుల్లో మన నందిగాం, పలాస వైపు ఆకాశం చూసినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. రేడియో టెలిస్కోపులకైతే చీకటితో పని లేదు, సెల్ సిగ్నళ్ళు లేని నిశ్శబ్దం కావాలి. ఇప్పుడు మన దేశం కూడా భాగస్వామిగా కడుతున్న ఎస్‌కేఏ ఆంటెనాలు ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా ఎడారుల్లోకి పోయింది అందుకే.

కావలూరులో మొదట ఇంట్లో చేసుకున్న 38 సెంటీమీటర్ల టెలిస్కోపు, 1972లో జర్మనీ నుంచి తెప్పించిన ఒక మీటరుది. దానితోనే 1977లో యురేనస్ వలయాల జాడ పట్టారు. బప్పుగారికి అది చాల్లేదు. 2.34 మీటర్ల అద్దాన్ని ఇక్కడే సానబెట్టాలన్నారు. కొనేస్తే పోయేదిగా అనిపిస్తుంది. కానీ కొంటే టెలిస్కోపు ఒక్కటే వస్తుంది, చేసే చేతులు రావు. బెంగళూరులో ఆ అద్దాన్ని ఏళ్ళ తరబడి అరగదీశారు. తేడా కాంతి తరంగంలో చిన్న వంతుకి మించకూడదు మరి.

1979లో ఆయన అంతర్జాతీయ ఖగోళ సమాఖ్యకి అధ్యక్షులయ్యారు. 1982 ఆగస్టులో ఆ సమాఖ్య సభలు గ్రీసులో జరుగుతుండగా, 19న, గుండె జబ్బుతో మ్యూనిక్‌లో కన్నుమూశారు. వయసు 55. అద్దం ఇంకా కావలూరు చేరలేదు. 1986 జనవరి 6న రాజీవ్ గాంధీ ఆ టెలిస్కోపుని ప్రారంభించి బప్పుగారి పేరు పెట్టారు.