వంట రాకున్నా వంటింటిని మార్చారు!

భర్త హఠాత్తుగా పోయారు. ఇంట్లో పదకొండు మంది పిల్లలు. చేతిలో డాక్టరేట్ ఉన్నా ‘ఆడవాళ్లకు ఫ్యాక్టరీల్లో ఏం పని’ అన్నట్టుగా కంపెనీలు ముఖం చాటేశాయి. అప్పుడు లిలియన్ గిల్‌బ్రెత్ ఏం చేశారు? ఉద్యోగ వేటలో ఉన్న మీరు తప్పకుండా తెలుసుకోవాల్సిన జీవితం ఇది.

ఎండాకాలం ముసునూరు, నూజివీడు వైపు ఇళ్లలో పచ్చళ్ల హడావుడి మీకు తెలియంది కాదు. ముక్కలు కొట్టి, తుడిచి ఆరబెట్టాలి. జాడీ అటక మీద ఉంటుంది. నూనె డబ్బా పక్క గదిలో, ఆవపిండి ఇంకో మూల, ఉప్పు మరో గూట్లో. ఒక్క ఆవకాయ కలపడానికి అమ్మ వంటింట్లో ఎన్ని అడుగులు వేస్తుందో మీరెప్పుడైనా లెక్కపెట్టారా?

దాదాపు వందేళ్ల కిందట అమెరికాలో ఒకామె ఇలాంటి లెక్కే పెట్టారు. ఆ లెక్క ఆమెకు ఉపాధి ఇచ్చింది. ఇవాళ మీరు చూసే మాడ్యులర్ కిచెన్ వెనక ఆమె ఆలోచన చాలానే ఉంది. ఆమే లిలియన్ మోలర్ గిల్‌బ్రెత్.

ఒక్క ఏడాది ఒప్పందం

లిలియన్ 1878 మే 24న కాలిఫోర్నియాలోని ఓక్లాండ్‌లో పుట్టారు. కలిగిన కుటుంబమే. కానీ మహా బిడియస్తురాలు. తొమ్మిదేళ్లు వచ్చేదాకా చదువంతా ఇంట్లోనే. కాలేజీకి వెళతానంటే తండ్రి ఒప్పుకోలేదు. ఆడపిల్లకు అంత చదువెందుకన్నది ఆయన ఉద్దేశం. లిలియన్ గొడవపడలేదు. ఒక్క ఏడాది చదివి చూస్తానని ఒప్పించారు. ఆ ఏడాదిలో మార్కులు బాగా వచ్చేసరికి ఇక ఆయన అడ్డు చెప్పలేకపోయారు.

బర్క్లీలోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో ఆమె చదివింది ఇంజినీరింగ్ కాదు, ఇంగ్లిష్ సాహిత్యం. 1900లో డిగ్రీ పూర్తయింది. ఆ స్నాతకోత్సవంలో ప్రసంగించే అవకాశం కూడా దక్కింది. ఆ యూనివర్సిటీలో ఆ గౌరవం పొందిన మొదటి మహిళ ఆమే. 1902లో ఎంఏ చేశారు.

మీది ఆర్ట్స్ డిగ్రీ అని, టెక్నికల్ రంగం మనకు అందదని అనుకుంటున్నారా? ఇక్కడి నుంచి కథ జాగ్రత్తగా చదవండి.

ఇటుకలు నేర్పిన పాఠం

1904లో ఆమె ఫ్రాంక్ గిల్‌బ్రెత్‌ను పెళ్లి చేసుకున్నారు. ఆయన కాలేజీ గడప తొక్కలేదు. తాపీమేస్త్రీ దగ్గర పనికి చేరి, కాంట్రాక్టర్‌గా ఎదిగారు. ఇటుక పేర్చేటప్పుడు ఒక్కో మేస్త్రీ ఒక్కోలా వంగడం, లేవడం, చెయ్యి చాచడం ఆయన గమనించారు. ఇటుకలు నేల మీద ఉంటే ప్రతిసారీ నడుం వంచాలి. అదే నడుం ఎత్తులో ఉండేలా పరంజా కడితే? అలా ఒక్కో ఇటుకకు 18 కదలికలు పట్టే పనిని ఐదు దాకా తగ్గించారు.

ఈ పద్ధతికి లిలియన్ మనస్తత్వశాస్త్రాన్ని జోడించారు. పని తొందరగా అయితే చాలదు, చేసేవాళ్లకు అలసట తగ్గాలి, విసుగు రాకూడదు అన్నది ఆమె పట్టుదల. దంపతులిద్దరూ కలిసి కార్మికుల పనిని సినిమా కెమెరాతో తీసి, కదలికలను విడదీసి చూసేవారు. దీన్నే మోషన్ స్టడీ అన్నారు.

చదువులోనూ దెబ్బలు తగిలాయి. ఆమె పరిశోధన పూర్తి చేసినా, క్యాంపస్‌లో ఉండి చదవాలన్న నిబంధన చూపి బర్క్లీ డాక్టరేట్ ఇవ్వలేదు. ఆ పరిశోధనే 1914లో పుస్తకంగా వచ్చింది. రాసింది మహిళ అని తెలియకుండా పేరును పొడి అక్షరాలతోనే అచ్చేశారు. ఆమె ఆగిపోలేదు. మరో సిద్ధాంత వ్యాసం రాసి 1915లో బ్రౌన్ యూనివర్సిటీ నుంచి పీహెచ్‌డీ అందుకున్నారు. అప్పటికే ఇంటి నిండా పిల్లలు. మొత్తం పన్నెండు మందిని కన్నారు. ఒక పాప చిన్నప్పుడే డిఫ్తీరియాతో చనిపోయింది.

తలుపులన్నీ మూసుకున్న రోజులు

1924 జూన్ 14న రైల్వేస్టేషన్ నుంచి ఇంటికి ఫోన్ చేస్తూనే ఫ్రాంక్ గుండెపోటుతో కుప్పకూలిపోయారు. అప్పటికి పెద్దమ్మాయి కాలేజీలో ఉంది. చిన్నపాపకు రెండేళ్లు. యూరప్‌లో ఫ్రాంక్ మాట్లాడాల్సిన సదస్సులు ఉంటే, కొద్దిరోజులకే లిలియన్ ఓడెక్కి వెళ్లి ఆయన బదులు మాట్లాడి వచ్చారు.

తిరిగొచ్చేసరికి కంపెనీలు కాంట్రాక్టులు పొడిగించబోమన్నాయి. ఇరవై ఏళ్లుగా పనిలో సగం ఆమెదే. డాక్టరేట్ ఆమెకే ఉంది. అయినా ఫ్యాక్టరీకి సలహాలివ్వడానికి మహిళను పెట్టుకునేందుకు యజమానులకు మనసొప్పలేదు. ఇది ఆమె లోపం కాదు, అన్యాయమే. కానీ పిల్లల ఫీజులు ఆగవు కదా!

ఆమె రెండు పనులు చేశారు. మొదటిది, న్యూజెర్సీ రాష్ట్రం మాంట్‌క్లెయిర్‌లోని తన ఇంట్లోనే మోషన్ స్టడీ కోర్సు మొదలుపెట్టారు. తనను ఫ్యాక్టరీలోకి రానివ్వకపోతే ఫ్యాక్టరీ మనుషులనే తన ఇంటికి రప్పించుకున్నారన్నమాట. రెండోది, మహిళల మాట వినక తప్పని చోటు ఏదా అని వెతికారు. దుకాణాలు, ఆడవాళ్లు కొనే వస్తువులు, వంటిల్లు. న్యూయార్క్‌లోని మేసీస్ స్టోర్‌లో సిబ్బంది పనితీరును పరిశీలించారు. 1927లో ఇంటి పని గురించి పుస్తకం రాశారు.

281 నుంచి 45కి

అసలు మలుపు బ్రూక్లిన్ బరో గ్యాస్ కంపెనీతో వచ్చింది. ఆ కంపెనీకి అప్పట్లో మేరీ డిల్లన్ అనే మహిళ అధ్యక్షురాలు. గ్యాస్ పొయ్యిలు అమ్ముకోవాలన్నది కంపెనీ అవసరం. వంటింటినే ఒక చిన్న ఫ్యాక్టరీలా చూసి డిజైన్ చేయాలన్నది లిలియన్ ఆలోచన. 1929లో ఆమె రూపొందించిన ‘కిచెన్ ప్రాక్టికల్’ జనం ముందుకొచ్చింది.

ఆమె పరీక్ష చాలా తేలికైనది. ఎలా పడితే అలా సర్దిన వంటింట్లో ఒక కేకు తయారుచేయించారు. అవే సామాన్లతో, కొత్త అమరికలో మళ్లీ చేయించారు. చేయాల్సిన పనులు 97 నుంచి 64కి తగ్గాయి. నడవాల్సిన అడుగులు 281 నుంచి 45కి పడిపోయాయి! గోడ కదపలేదు, ఖరీదైన యంత్రం తేలేదు. వస్తువుల చోట్లు మార్చారంతే.

ఆ అమరికలో పొయ్యి, పని చేసుకునే గట్టు పక్కపక్కనే ఉంటాయి. సరుకులు పైన, గిన్నెలు కింద, ఫ్రిజ్ ఒక్క అడుగు దూరంలో. చోటు చాలకపోతే దగ్గరికి లాక్కోవడానికి చక్రాల బల్ల. గట్టు ఎత్తు కూడా వంట చేసే మనిషిని బట్టే ఉండాలన్నారు. తర్వాత జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీకి పనిచేసినప్పుడు, పొయ్యి, సింక్ ఎంత ఎత్తులో ఉండాలో తేల్చడానికి నాలుగు వేల మందికి పైగా మహిళలను అడిగారు. కాలితో నొక్కితే మూత లేచే చెత్తడబ్బా, ఫ్రిజ్ తలుపులో అరలు ఆమె ఆలోచనలుగానే చెబుతారు.

ఇంకో సంగతి వింటే ఆశ్చర్యపోతారు. లిలియన్‌కు వంట సరిగా రాదు! తెలియని విషయాన్ని తెలిసినవాళ్లను అడిగారు, వాళ్లు చేస్తుంటే చూశారు, కొలిచారు. ఆమె నైపుణ్యం అదే.

మన వంటింటికి ఆ కొలబద్ద పెడితే

ఇప్పుడు ఆ పద్ధతిని ముసునూరు ఇంటికి తెచ్చి చూడండి. సామాన్ల గది, అదే ఇప్పుడు ప్యాంట్రీ అంటున్నది, డిజైన్ చేయమని మీకు ఒక పని వచ్చిందనుకుందాం. కేటలాగ్ తెరవకండి. ముందు చూడండి. రోజూ వాడే పప్పు, ఉప్పు, కారం డబ్బాలు మోకాలికీ భుజానికీ మధ్య ఎత్తులో ఉండాలి. బియ్యం బస్తా, నూనె డబ్బా లాంటి బరువులు కింద అరలో. ఏడాది పచ్చళ్ల జాడీలు పొయ్యి వేడి తగలని, తడి లేని చోట. ఏడాదికోసారి దించే గుండిగలకు మాత్రమే అటక. అర మరీ లోతుగా ఉంటే ముందు డబ్బా వెనక ఇంకో డబ్బా దాక్కుని పురుగు పడుతుంది. ఒక వరుస పట్టేంత లోతు చాలు. గట్టు ఎత్తు, వంట చేసే మనిషి మోచేతి కంటే నాలుగైదు అంగుళాలు కిందకు ఉంటే నడుం నొప్పి తగ్గుతుంది.

ఇక పొయ్యి వెనక గోడ. తాలింపు చిటపటలు, పసుపు మరకలు, పులుసు పొంగులు అన్నీ దాని మీదే. టైల్స్ బాగానే ఉంటాయి కానీ సందుల్లో జిడ్డు వదలదు. అందుకే చాలామంది స్టెయిన్‌లెస్ స్టీల్ రేకు అడుగుతున్నారు. 1913లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ తయారుచేసిన తుప్పు పట్టని ఉక్కుకు ఇది వారసురాలే. ఉక్కులోని క్రోమియం గాలితో కలిసి పైన కంటికి కనపడని పొర కడుతుంది. తుప్పును ఆపేది ఆ పొరే.

కస్టమర్‌కు మీరు చెప్పాల్సినవి ఇక్కడే ఉన్నాయి. 304 రకంలో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. వంటింటికి ఇది నమ్మకమైనది. 202 రకం చవక, కానీ నికెల్ తక్కువ. తుప్పును అంతగా ఆపలేదు. ఉప్పు తడి రోజుల తరబడి అంటుకుని ఉంటే మంచి స్టీల్‌కైనా చుక్కలు పడతాయి. కాబట్టి ఉప్పు జాడీని రేకుకు ఆనించి పెట్టకూడదు. గోడ ఎగుడుదిగుడుగా ఉంటే రేకు మీద అలలు కనిపిస్తాయి. అంచులు మడవకపోతే చెయ్యి తెగుతుంది. రేకులో స్విచ్‌బోర్డు వస్తే ఎలక్ట్రీషియన్‌తో ఎర్తింగ్ చేయించాల్సిందే. తోమడానికి ఇనుప పీచు వద్దు, గీతల వెంట మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలు. స్టీల్‌లా కనిపించే కొన్ని రేకుల మధ్యలో ప్లాస్టిక్ పొర ఉంటుంది. మంట దగ్గర అవి పనికిరావు. చివరిగా లిలియన్ ప్రశ్న వేసుకోండి: రోజూ దీన్ని శుభ్రం చేయడానికి ఎన్ని నిమిషాలు పడుతుంది? మెరుపు కన్నా ఆ లెక్క ముఖ్యం.

ఇలాంటి ఆలోచన మన దగ్గర లేదనుకోకండి. 1950ల్లో హైదరాబాద్ ఇంజినీరింగ్ రీసెర్చ్ ల్యాబొరేటరీస్‌కు చెందిన ఎస్.పి.రాజు, పొగను గొట్టం గుండా బయటికి పంపే పొయ్యిని రూపొందించి పుస్తకం కూడా రాశారు. ఊదుగొట్టంతో కళ్లు మండించుకునే తల్లుల కష్టాన్ని ఆయన ఇంజినీరింగ్ సమస్యగా చూశారు.

మూసిన తలుపులు తెరుచుకున్నాయి

వంటింటి గుమ్మం నుంచి లిలియన్ మళ్లీ ఇంజినీరింగ్‌లోకి నడిచారు. మహామాంద్యంలో లక్షల మంది ఉద్యోగాలు పోయినప్పుడు, 1930లో అధ్యక్షుడు హూవర్ వేసిన ఉపాధి కమిటీలో పనిచేశారు. 1935లో పర్‌డ్యూ యూనివర్సిటీలో ప్రొఫెసర్ అయ్యారు. అక్కడి ఇంజినీరింగ్ విభాగంలో తొలి మహిళా ప్రొఫెసర్ ఆమే. గుండె జబ్బు ఉన్నవాళ్లు, వికలాంగులు సొంతంగా వంట చేసుకునేలా వంటిళ్లు రూపొందించారు. 1965లో అమెరికా జాతీయ ఇంజినీరింగ్ అకాడమీకి ఎన్నికైన తొలి మహిళగా నిలిచారు. పిల్లలు పదకొండు మందినీ కాలేజీలో చదివించారు. వాళ్లలో ఇద్దరు ఆ ఇంటి ముచ్చట్లతో 1948లో రాసిన ‘చీపర్ బై ది డజన్’ సినిమాగా కూడా వచ్చింది. 1972 జనవరి 2న, 93 ఏళ్ల వయసులో లిలియన్ కన్నుమూశారు.

ఈ వారం మీరు చేయాల్సింది

లిలియన్‌కు పెద్ద సినిమా కెమెరా కావాల్సి వచ్చింది. మీ జేబులో ఫోన్ ఉంది. ఇంట్లోవాళ్లను అడిగి, పప్పు వండే పని మొత్తం వీడియో తీయండి. వంటింటి ప్లాన్ కాగితం మీద గీసి, నడిచిన దారంతా పెన్సిల్‌తో గీతలు పెట్టండి. అడుగులు, వంగిన సార్లు, చెయ్యి పైకి చాచిన సార్లు లెక్కపెట్టండి. తర్వాత వంట చేసినవాళ్లతో మాట్లాడి డబ్బాల చోట్లు మార్చండి. మళ్లీ లెక్కపెట్టండి. ఇలా మీ వీధిలో ఐదు ఇళ్లు చేస్తే, ముందూ తర్వాతా లెక్కలతో మీ పోర్ట్‌ఫోలియో సిద్ధం. ఇంటీరియర్ డిజైన్ సంస్థ ఇంటర్వ్యూలో రంగుల బొమ్మల కన్నా ఈ కాగితాలు మీ గురించి ఎక్కువ చెబుతాయి.

ఈ దారిలో చదవాలనుకుంటే మీ తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ చెప్పండి. ఇంటర్ తర్వాత ఎన్ఐడీ ఆంధ్రప్రదేశ్‌లో బీడిజైన్‌కు డాట్, ఐఐటీ హైదరాబాద్‌లో బీడిజైన్‌కు యూసీడ్ రాయాలి. డిగ్రీ పూర్తయిన మీకు ఎండిజైన్ కోసం సీడ్ ఉంది. పని తీరును, మనిషి శరీరాన్ని కలిపి చదివే ఎర్గోనామిక్స్ వీటిలో భాగం.

దరఖాస్తు తిరిగొచ్చిన రోజున లిలియన్‌ను గుర్తుచేసుకోండి. ఆమెకు కాదన్న కంపెనీల కన్నా, ఆమె కొలిచిన వంటింటి అడుగులే ఇవాళ్టికీ పనికొస్తున్నాయి.