కళను అందరి గోడల మీదికి తెచ్చిన సిస్టర్ కొరీటా

శుభలేఖలు, చేతిసంచులు, దుకాణాల స్టిక్కర్లు అచ్చువేసే స్క్రీన్ ప్రింటింగ్ తెలుగు పట్టణాల వారికి చిరపరిచితమే. కొయ్య చట్రానికి బిగించిన సన్నని గుడ్డ, రంగు, ఆ రంగును లాగే రబ్బరు పలక ఉంటే పని నడుస్తుంది. ఇంత సామాన్యమైన సాధనాన్ని చేపట్టి, దాదాపు 800 కళాచిత్రాలను రూపొందించిన మఠకన్య ఒకరు గత శతాబ్దంలో అమెరికాలో ఉండేవారు. ఆమె సిస్టర్ మేరీ కొరీటా. కళాఖండం అపురూపంగా ఉండాలనీ, ధర ఎక్కువ పలకాలనీ భావించే లోకంలో ఆమె అందుకు విరుద్ధమైన మార్గాన్ని ఎంచుకున్నారు.

ఆమె అసలు పేరు ఫ్రాన్సెస్ ఎలిజబెత్ కెంట్. 1918 నవంబరు 20న అయోవా రాష్ట్రంలోని ఫోర్ట్ డాడ్జ్ పట్టణంలో జన్మించారు. ఆరుగురు సంతానంలో ఐదవవారు. ఆమె చిన్నతనంలోనే కుటుంబం లాస్ ఏంజెలిస్ నగరానికి తరలివచ్చింది. 1936లో ఇమ్మాక్యులేట్ హార్ట్ ఆఫ్ మేరీ మఠకన్యల సభలో చేరి కొరీటా అన్న పేరు స్వీకరించారు. 1941లో సభవారి కళాశాలలోనే పట్టభద్రురాలై, కొంతకాలం పాఠశాలల్లో బోధించి, 1947లో అదే కళాశాలలో చిత్రకళ ఉపాధ్యాయినిగా నియమితులయ్యారు. 1951లో సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుంచి కళాచరిత్రలో స్నాతకోత్తర పట్టా అందుకున్నారు.

ఆ రోజుల్లోనే పట్టుతెర ముద్రణ ఆమె చేతికి వచ్చింది. మెక్సికో చిత్రకారుడు ఆల్ఫ్రెడో రామోస్ మార్టినెజ్ మరణానంతరం ఆయన సతీమణి మరియా ఈ విద్యలో మెలకువలను ఆమెకు నేర్పారు. చిత్రంలో రంగు పడకూడని చోట తెర రంధ్రాలను మూసివేస్తారు. మిగిలిన చోటి నుంచి రంగు కాగితం మీదికి దిగుతుంది. ఒక్కో రంగుకు ఒక్కోసారి అచ్చు వేయాలి. మొదటిది ఆరిన తరువాతే రెండవది. రెండో రంగు వెంట్రుకవాసి తప్పినా చిత్రం చెడుతుంది. అప్పటివరకు ఈ పద్ధతి ఎక్కువగా వ్యాపార ప్రకటనలకే పరిమితమై ఉండేది. 1938లో న్యూయార్క్‌లో ప్రభుత్వ కళా పథకం కింద ఆంథొనీ వెలోనిస్ నాయకత్వాన ప్రత్యేక విభాగం ఏర్పడిన తరువాతనే చిత్రకారులు దీనిని గౌరవంగా చూడసాగారు. ప్రకటనల ముద్రణ నుంచి వేరుపరచేందుకు అలాంటి చిత్రాలకు ‘సెరిగ్రాఫ్’ అన్న పేరు కూడా పెట్టారు. కొరీటా మాత్రం ఆ ప్రకటనల బంధుత్వాన్ని దాచదలచలేదు.

1952లో ఆమె ముద్రించిన బైబిలు చిత్రం ఒకటి లాస్ ఏంజెలిస్ కౌంటీ మ్యూజియంలోను, కాలిఫోర్నియా రాష్ట్ర ప్రదర్శనలోను ప్రథమ బహుమతులు గెలుచుకుంది. బోధన ముగిసి సెలవులు దొరికే వేసవి చివరి కొద్ది వారాలే ఆమెకు ముద్రణ కాలం. తోటి సోదరీమణులు, విద్యార్థినులు తడి కాగితాలను అందుకుని ఆరబెట్టేవారు. ప్రతులను సామాన్యులు కొనగలిగే ధరకే విక్రయించేవారు. ఒకే చిత్రం వందలాది ఇళ్లకు చేరగలగడమే ఈ విద్యలోని గొప్పతనమని ఆమె విశ్వాసం.

1962 వేసవిలో లాస్ ఏంజెలిస్‌లోని ఫెరస్ గ్యాలరీలో ఆండీ వార్హోల్ గీసిన సూప్ డబ్బాల చిత్రాలను ఆమె చూశారు. అవి చేతితో గీసినవే. వార్హోల్ పట్టుతెర పట్టింది అటు తరువాత కొద్ది నెలలకే. కొరీటాకు అప్పటికే దానితో పదేళ్ల అనుభవం ఉంది. ఇంతటి ముందరి వారైనా పాప్ కళ చరిత్రల్లో ఆమెకు చాలాకాలం చోటు దక్కలేదు.

ఆ ప్రదర్శన తరువాత ఆమె దృష్టి అంగడి వైపు మళ్లింది. వండర్ బ్రెడ్ రొట్టె పొట్లం మీది ఎరుపు, పసుపు, నీలం చుక్కల్లో ఆమెకు దివ్యసత్ప్రసాదపు అప్పాలు కనిపించాయి. పత్రికల్లోని ప్రకటనల కాగితాలను నలిపి, మెలిపెట్టి, ఛాయాచిత్రాలు తీసి, వంకరపోయిన ఆ అక్షరాలనే తెర మీదికి ఎక్కించేవారు. విద్యార్థినుల చేతికి చిన్న కన్నం గల అట్టముక్క ఇచ్చి, దాని గుండా వీధిని చూసి రమ్మని పంపేవారు. 1964లో ఆమె చిత్రకళా శాఖాధిపతి అయ్యారు. ఏటా గంభీరంగా సాగే మరియమాత ఊరేగింపు ఆ ఏడాది పూలు, రంగు పతాకాలు, సరుకుల ప్రకటనలతో జాతరను తలపించింది.

చిక్కు కూడా అక్కడే మొదలైంది. డబ్బాల్లో అమ్మే టమోటాను పొగిడే ప్రకటన మాటను మరియమాతకు అన్వయిస్తూ ఆమె 1964లో ఒక చిత్రం ముద్రించారు. నిత్యజీవితంలో దైవాన్ని చూపడమే ఆమె ఉద్దేశం. లాస్ ఏంజెలిస్ అగ్రపీఠాధిపతి కార్డినల్ జేమ్స్ మెకింటైర్‌కు ఇది అపచారంగా తోచింది. రెండవ వాటికన్ మహాసభ స్ఫూర్తితో మఠజీవితాన్ని సంస్కరించుకోదలచిన సభకూ ఆయనకూ అప్పటికే పొసగడం లేదు. వియత్నాం యుద్ధాన్ని, జాతి వివక్షను నిరసించే చిత్రాలతో కొరీటాపై విమర్శలు పెరిగాయి, పేరూ పెరిగింది. 1967 డిసెంబరు 25 నాటి న్యూస్‌వీక్ ముఖచిత్రంగా ఆమె కనిపించారు. తరగతులు, ఉపన్యాసాలు, ప్రదర్శనలు, వివాదాలతో ఆమె అలసిపోయారు. 1968లో, ముప్పై ఏళ్లకు పైగా గడిపిన సభను వీడి బోస్టన్ చేరారు. 1970లో సభలోని అధికసంఖ్యాకులు కూడా వ్రతాల నుంచి వైదొలగి స్వతంత్ర సమాజంగా ఏర్పడ్డారు.

బోస్టన్‌లో ఆమె స్వయంగా తెర లాగలేదు. నమూనాలు సిద్ధం చేసి కాలిఫోర్నియాలోని ముద్రణశాలకు పంపేవారు. 1971లో అక్కడి గ్యాస్ నిల్వ ట్యాంకుపై 100 అడుగులకు మించిన ఎత్తున ఆమె గీసిన ఇంద్రధనుస్సు నమూనాను చిత్రించారు. నీలి చారలో హో చి మిన్ ముఖరేఖ దాగి ఉందని కొందరు ఆరోపించగా ఆమె ఖండించారు. 1992లో ఆ ట్యాంకును తొలగించినా, పక్కనున్న మరొక ట్యాంకుపై అదే చిత్రాన్ని తిరిగి వేశారు.

1974లో ఆమెకు క్యాన్సర్ సోకినట్లు తేలింది. ఆపై నీటి రంగులపై మక్కువ పెరిగినా ముద్రణను విడువలేదు. 1985లో ఆమె ఇంద్రధనుస్సు గీతలతో అమెరికా తపాలా శాఖ 22 సెంట్ల ప్రేమ బిళ్లను వెలువరించింది. ఐక్యరాజ్యసమితిలో ఆవిష్కరణ జరగాలని ఆమె కోరుకోగా, అధికారులు దానిని ఒక టెలివిజన్ ధారావాహిక చిత్రీకరణ స్థలంలో జరిపారు. ఆమె ఆ సభకు వెళ్లలేదు. బిళ్లలు మాత్రం 70 కోట్లకు పైగా అమ్ముడయ్యాయి. అంత చౌకగా, అన్ని ఇళ్లకు చేరిన ఆమె చిత్రం మరొకటి లేదు.

1986 సెప్టెంబరు 18న కొరీటా కన్నుమూశారు. తన వద్ద ఉన్న చిత్రాలను, వాటి హక్కులను పాత సోదరీమణుల సమాజానికే రాసి ఇచ్చారు. లాస్ ఏంజెలిస్‌లోని ఫ్రాంక్లిన్ అవెన్యూలో, కళాశాలకు ఎదురుగా ఆమె 1960లలో తెరలు లాగిన చిన్న భవనం తరువాత ఉతుకు అంగడిగా మారింది. వాహనాలు నిలిపే స్థలం కోసం దానిని కూల్చివేయాలన్న ప్రతిపాదన రాగా అభిమానులు అడ్డుపడ్డారు. 2021లో నగర పాలక మండలి ఆ భవనాన్ని చారిత్రక కట్టడంగా ప్రకటించింది.